చవక పిల్లనగ్రోవి: సవరించడం ఎలా? పోల్చడం ఎలా?



కోల్‌కతా వీధుల్లో పొడుగాటి కర్రకు పదులకొద్దీ వెదురు పిల్లనగ్రోవులు గుచ్చుకుని, ఒకటి వాయించుకుంటూ వెళ్ళే అమ్మకందారులు కనిపిస్తారు. మన తిరునాళ్ళలోనూ ఇది మీరు చూసే దృశ్యమే. అతని చేతిలో పాట పలికిన గొట్టం మన ఇంటికి రాగానే 'ఫూ' మని గాలి మాత్రమే వదులుతుంది. నాలుగు రోజులు ఊది, "నాకు సంగీతం అబ్బదు" అనుకుని మూలన పడేస్తాం. చాలామంది పిల్లలకు మొదటి వాయిద్యం ఇదే. చివరిదీ ఇదే అవుతుంది. మరి లోపం ఊపిరిలో ఉందా, గొట్టంలో ఉందా? ఈ సంగతి తేల్చుకోవడం ఎలాగో ఈనాటి పాఠంలో చూద్దాం.

శబ్దం ఎక్కడ పుడుతుంది?

పిల్లనగ్రోవులు రెండు రకాలు. అడ్డంగా పట్టే వేణువులో గాలిపాయను మన పెదవులే తయారు చేస్తాయి. నిలువుగా పట్టే దానిలో, మూతి దగ్గర బిగించిన బిరడా వల్ల ఏర్పడిన సన్నని గాలిదారి ఆ పని చేస్తుంది. ఇంగ్లండులో రాబర్ట్ క్లార్క్ 1843లో తయారీ మొదలుపెట్టిన రేకు ఈల, అంటే టిన్ విజిల్, ఈ రెండో రకానిదే. దానికి ఆరు రంధ్రాలుంటాయి. పేదవాడి వాయిద్యంగా పేరుపడి, దేశదేశాలకు పాకింది.

రెండింటిలోనూ సూత్రం ఒక్కటే. పలచని గాలిపాయ ఒక పదునైన అంచును తాకి, ఒకసారి గొట్టం లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊపుతో గొట్టంలోని గాలి కంపిస్తుంది. స్వరస్థాయిని నిర్ణయించేది ముఖ్యంగా గొట్టం పొడవు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. సాధారణమైన డి శ్రుతి రేకు ఈల అడుగుస్వరం సెకనుకు 587 కంపనాలు. 343ను 587కు రెట్టింపుతో భాగిస్తే 29 సెంటీమీటర్లు వస్తుంది. అసలు గొట్టం దీనికన్నా కొంచెం పొట్టిగా ఉంటుంది. ఎందుకంటే, రెండు కొసల దగ్గరా బయటి గాలి కూడా కొంత కలిసి కంపిస్తుంది.

అంటే స్వరం పొడవును బట్టి, గొంతు మూతిని బట్టి ఉంటాయన్నమాట. చవక ఈలల్లో తేడా వచ్చేది ఎక్కువగా ఈ మూతి దగ్గరే.

నాలుగు చిన్న సవరణలు

మొదటిది, అంచు. ప్లాస్టిక్ మూతిని అచ్చుపోసినప్పుడు మిగిలిన పొక్కులు, నూగు గాలిపాయను చెదరగొడతాయి. సన్నని గరుకు కాగితంతో వాటిని మెల్లగా తీసివేస్తే చాలు. అంచును అరగదీయకూడదు.

రెండవది, గూడు. చాలా ప్లాస్టిక్ మూతుల్లో గాలిదారి కింద ఒక ఖాళీ ఉంటుంది. దాన్ని తేనెమైనంతో గాలిదారి అడుగుమట్టం వరకు నింపితే పైస్థాయి స్వరాలు నిలకడగా పలుకుతాయని వాయించేవారి అనుభవం. మైనం నచ్చకపోతే తీసేయవచ్చు కనుక మొదట చేయవలసిన ప్రయోగం ఇదే.

మూడవది, గాలిదారికీ అంచుకూ మధ్య ఉన్న నోరు. రేకుతో చేసిన ఈలలో అంచు రేకును కొద్దిగా లోపలికి నొక్కితే గాలి తక్కువ పడుతుంది, గొంతు శుభ్రపడుతుంది. అయితే ధ్వని తగ్గుతుంది. ఏదీ ఉచితంగా రాదు.

నాలుగవది, రంధ్రాలు. ఒక స్వరం హెచ్చుగా పలికితే, ఆ రంధ్రంలో మూతివైపు ఉన్న భాగాన్ని కొంచెం టేపుతో కప్పితే దిగుతుంది. తగ్గుగా పలికితే రంధ్రాన్ని పెద్దది చేయాలి. కానీ కోసినది తిరిగి అతకదు.

అడ్డ వేణువులో మరో కీలకం ఉంది. ఊదే రంధ్రం పక్కన లోపల బిగించిన బెండు దాని మధ్యబిందువు నుంచి సుమారుగా గొట్టం లోపలి వ్యాసమంత దూరంలో ఉండాలి. అది జరిగితే కింది, పై స్థాయిల మధ్య పొందిక చెడుతుంది.

న్యాయమైన పోలిక

సవరించాం. బాగుపడిందా? "అవును" అని వెంటనే అనిపిస్తుంది, ఎందుకంటే శ్రమపడింది మనమే. పైగా గొట్టంతోపాటు ఊదే మనిషీ మారుతూ ఉంటాడు. ఈ చిక్కును కోల్‌కతాలోనే ఒక మహా శాస్త్రవేత్త ఎదుర్కొన్నారు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1907లో కలకత్తాకు ప్రభుత్వోద్యోగిగా వెళ్ళారు. ఆఫీసు వేళలు కాని సమయంలో బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధన చేసేవారు. 1930లో నోబెల్ బహుమతి తెచ్చిన కాంతి పరిశోధనకు ముందు ఆయన వయొలిన్, వీణ, తంబుర, మృదంగం వంటి వాయిద్యాల ధ్వనిని శోధించారు. మనిషి చేయి ప్రతిసారీ ఒకేలా ఆడదు కనుక, వయొలిన్‌ను యంత్రంతో వాయించే ఏర్పాటు చేసుకుని, 1920లో ఆ ఫలితాలు ప్రచురించారు. కమాను ఒత్తిడి, వేగం వంటివాటిని అదుపులో పెట్టి, ఒక్కొక్కటే మార్చి చూడటం అందులోని కిటుకు.

మీ దగ్గర యంత్రం లేకపోయినా ఆ పద్ధతి ఉంది. ఒకే తయారీ, ఒకే శ్రుతి గల మూడు ఈలలు తీసుకోండి. ఒకదాన్ని అసలు ముట్టుకోవద్దు. అదే కొలబద్ద. రెండోదానికి ఒక సవరణ, మూడోదానికి మరో సవరణ చేయండి. కొన్నప్పుడే మూడూ ఒకలా ఉండవు కనుక, సవరణకు ముందే వాటి గుణాలు రాసి ఉంచుకోండి. ఒక్కరే వాయించాలి. వినేవారు వీపు తిప్పి కూర్చోవాలి. చీటీలు తీసి వరుస నిర్ణయించి, కనీసం పదిసార్లు చేయండి.

గొంతు, వాయించే సౌలభ్యం రెండూ వేరు. వాటికి వేర్వేరుగా మార్కులు వేయండి. స్వరం ఊదగానే పలికిందా? పైస్థాయికి తేలికగా ఎక్కిందా? ఒక్క ఊపిరితో ఎన్ని సెకన్లు నిలిచింది? శ్రుతిని తంబురతోగానీ, ఫోనులోని ట్యూనర్‌తోగానీ చూడండి.

వాతావరణాన్నీ మరువకండి. 15 డిగ్రీల చలి ఉదయానికీ 35 డిగ్రీల ఎండకూ మధ్య శబ్దవేగం మూడు శాతానికి మించి పెరుగుతుంది. ఒక అర్ధస్వరం తేడా సుమారు ఆరు శాతమే! మన ఊపిరి వెచ్చదనం వల్ల గొట్టంలో ఇంత తేడా రాదు గానీ, పోలిక మాత్రం ఒకే గదిలో, ఒకే పూట జరగాలి.

చివరిగా ఒక్క మాట. కలకత్తాలో పేరు తెచ్చుకున్న పన్నాలాల్ ఘోష్ (1911–1960) కాలానికి వెదురు వేణువు ముఖ్యంగా జానపదుల వాయిద్యం. ఆయన సుమారు 32 అంగుళాల పొడవైన వేణువును రూపొందించి హిందుస్తానీ కచేరీ వేదిక మీద నిలబెట్టారు. వాయిద్యం చిన్నదని ఆయన వదిలేయలేదు, దాన్నే మార్చారు. మీ ఇంట్లో మూలన పడి ఉన్న పిల్లనగ్రోవిని ఈ సాయంత్రం బయటికి తీయండి. దాని అంచు చూడండి, బెండు చూడండి, కొలవండి. మీకు సంగీతం రాదని తీర్పు చెప్పుకునే ముందు ఆ గొట్టాన్ని విచారించండి.