సారె తిప్పని కుమ్మరి

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చేతివృత్తుల్లో స్త్రీల శ్రమ గురించి మాట్లాడమన్నారు. చాలా పెద్ద విషయం. నేత, బీడీ, లేసు, బుట్టలు, చాపలు అన్నీ అందులోకి వస్తాయి. అన్నిటి జోలికీ నేను పోను. కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఆదోనిలో ఒక కుమ్మరి ఇల్లు, ఎమ్మిగనూరులో ఒక కుమ్మరి ఇల్లు, ఈ రెండిళ్ల ఆడవాళ్లకు రోజెలా గడుస్తుందో చెబుతాను. అంతకంటే ముందు నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

ఇరవై ఏళ్ల కిందట నా డాక్టరేట్ పని మీద ప్రశ్నాపత్రాల కట్ట పట్టుకుని ఆదోనిలో ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంటి ముందు నాకంటే కొంచెం పెద్దావిడ పిక్కల దాకా మట్టిలో నిలబడి తొక్కుతోంది. "ఏం పని చేస్తావక్కా?" అని అడిగాను. "నాకేం పనిమా, ఇంట్లోనే ఉంటా. కుండలు చేసేది మా ఇంటాయన" అంది. నేను 'గృహిణి' అని రాసుకున్నాను. నేను రాస్తున్నంతసేపూ ఆమె మట్టి తొక్కుతూనే ఉంది. ఆ కాగితాన్ని తర్వాత ఎంతోమంది పెద్దలు చూశారు. ఎవరూ తప్పు పట్టలేదు. అప్పటికే నేను స్త్రీల సమావేశాలకు వెళ్తున్నదాన్నే. ఇలా భట్ అధ్యక్షతన 1988లో వచ్చిన 'శ్రమశక్తి' నివేదికను చదివి, పరీక్షల్లో దాని మీద జవాబులు రాసినదాన్నే. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం కూడా నా బల్ల మీదే ఉండేది. ఇంట్లో కూర్చుని ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్న ఆడవాళ్లను 'ఖాళీ సమయం గడుపుకుంటున్న గృహిణులు' అని ఎలా చెప్పుకున్నారో ఆమె అందులో చూపించింది. అది చదివి తల ఊపిన నేనే ఆదోనిలో అదే పని చేశాను.

అందుకే మళ్లీ వెళ్లాను. ఈసారి ప్రశ్నాపత్రం తీసుకుపోలేదు. ఊరికే కూర్చుని చూశాను.

ఆ ఇంట్లో కోడలి రోజు తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లతో మొదలవుతుంది. ఆదోనిలో నీళ్ల సంగతి మీలో ఆ వైపు వాళ్లకు తెలిసిందే. కుమ్మరి ఇంటికి తాగను, వండను సరిపోతే చాలదు, మట్టికీ నీళ్లు కావాలి. ఆ నీళ్లు కూడా ఆమె బిందెల్లోనే రావాలి. ఇల్లు ఊడ్చి, పిల్లల్ని లేపి, జొన్నరొట్టెలు కొట్టేసరికి తెల్లారుతుంది. భర్త బజారుకు పోయి టీ తాగి, ఉగ్గాని తిని వస్తాడు. నేను ఆయన్ని తప్పు పట్టడం లేదు, కష్టపడే మనిషే. రోజులో ఆ అరగంట ఆయనకుంది, ఆమెకు లేదు. అది చెబుతున్నాను.

చెరువు మట్టి ట్రాక్టరులో వస్తుంది. బేరమాడి తెచ్చేది మగవాళ్లు. కుమ్మరులు ఆచారం ప్రకారం చేత్తో తవ్వుకునే మట్టికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2016 జనవరిలో కేంద్రం సవరణ తెచ్చింది. మంచిదే. అయితే ఈ ఇంటికి మట్టి చేత్తో తవ్వితే రాదు, డబ్బిచ్చి తోలించుకోవాలి. ఇంటి ముందు కుప్ప పోసిన దగ్గర్నుంచి ఆ మట్టి ఆడవాళ్ల పాలు. గడ్డలు కొట్టి నలగ్గొట్టాలి. రాళ్లూ వేర్లూ ఏరాలి. జల్లించాలి. గుంతలో నానబెట్టాలి. ఆ వైపు నల్లరేగడి ఎక్కువ. పత్తికి అది బంగారమే గాని కుండకు ఒంటిగా పనికిరాదు. ఆరేటప్పుడు ముడుచుకుని పగుళ్లిస్తుంది. అందుకని వేరే మట్టీ సన్న ఇసుకా కలుపుకోవాలి. ఎంత కలపాలన్నది ఎక్కడా రాసి లేదు. ఆమె ఒక ముద్ద తీసి రెండు వేళ్ల మధ్య రుద్దింది. "ఇసక తక్కవైతే ఎండలో పగులుతాది. ఎక్కవైతే సారె మీద నిలబడదు. ఇంగొంచెం పొయ్యల్ల" అంది. తనకు పని రాదని నాకు చెప్పింది కూడా ఈమే.

తర్వాత తొక్కడం. గంటసేపు చూస్తేనే నా నడుము నొప్పి పుట్టింది. మడమతో నొక్కి, తిప్పి, మళ్లీ మధ్యకు లాగి, మళ్లీ తొక్కి, చివరికి చేతులతో పిసికి ముద్దలు చేసి సారె దగ్గర పెట్టాలి. మట్టిలో గాలి బుడగ మిగిలితే ఆవంలో కుండ పగులుతుంది. అంటే పది రోజుల తర్వాత నిప్పులో కుండ నిలుస్తుందో లేదో ఆమె మడమ దగ్గరే తేలిపోతోంది.

అప్పుడు ఆయన సారె దగ్గర కూర్చుంటాడు. చూడముచ్చటైన పని, కాదనను. ముద్ద లేచి కుండ అవుతుంటే నేనూ నోరు తెరుచుకుని చూశాను. ఫొటోలు తీసేవాళ్లంతా తీసేది అదే. ఆమె పచ్చి కుండల్ని ఒక్కొక్కటే తీసుకుపోయి నీడలో పెడుతుంది, గాలి ఒకే పక్క తగలకుండా తిప్పి పెడుతుంది. కాస్త గట్టిపడ్డాక లోపల రాయి ఆనించి బయట సలపతో కొట్టి అడుగు మూసే పని ఆ ఇంట్లో అత్తా మామా ఇద్దరూ చేస్తారు. కావి పూసేది, నున్నగా రుద్దేది ఆడవాళ్లే. ఆ రోజు సారె పని మధ్యాహ్నం అన్నాలకు ముందే అయిపోయింది. మట్టి పని దీపాలు పెట్టేదాకా సాగింది.

ఆవం పెట్టే రోజు ఇంకొక రకం. పిడకలు, పత్తికట్టె, ముళ్లకంప వారం ముందునుంచే కూడబెట్టాలి. కంప కొట్టి మోసుకొచ్చేది ఆమె, పేర్చేటప్పుడు అందించేది ఆమె. రాత్రంతా పొగలో మగవాళ్లతో పాటు కాపలా ఉంటుంది. ఇక అమ్మకం. ఎండాకాలం నీళ్లకుండలు, వినాయక చవితికి బొమ్మలు, కార్తీకానికి ప్రమిదలు, పెళ్లిళ్లకు అరివేణి కుండలు, చావుకు నీళ్ల కుండ. రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇప్పుడు కుళాయి బిగించిన కుండలు బయటి రాష్ట్రాల నుంచి వచ్చి వీళ్ల కుండల పక్కనే కూర్చున్నాయి. ఫ్రిజ్జు కొన్నవాళ్లు కూడా కుండ దగ్గర బేరమాడతారు. ఆ మాటలన్నీ పడేది ఆమే.

ఇంత చేసే మనిషి కుమ్మరి ఎందుకు కాదు? సారె తిప్పదు గనక. మన దేశంలో చాలాచోట్ల ఆడవాళ్లు సారె ముట్టకూడదన్న కట్టుబాటు ఉంది. ఆ ఇంటి అవ్వను అడిగాను. "సారె అంటే దేవుడుమా. ఆడది ముడితే మైల" అంది. పక్కనే ప్రమిదలు సర్దుతున్న కోడలు తల ఎత్తకుండానే, "మనం కాళ్లతో తొక్కిన మట్టి ఆ దేవుని నెత్తిన పెడితే మైల గాదంట" అంది. అవ్వ కోప్పడలేదు, నవ్వింది. నేను చదివిన సిద్ధాంతం అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

కుమ్మరి సంఘాల సభల్లో మొల్ల పేరు తప్పకుండా తలుస్తారు. రామాయణం రాసిన మా ఆడబిడ్డ అని గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. రామాయణానికి లేని అడ్డు సారెకు ఎందుకొచ్చిందని మాత్రం ఆ సభల్లో ఎవరూ అడగగా నేను వినలేదు. మణిపూర్‌లో ఆండ్రో అనే ఊరుంది. అక్కడ కుండలు చేసేది ఆడవాళ్లే, సారె లేకుండా చేత్తోనే చేస్తారు. ఆఫ్రికాలో అనేక సమాజాల్లోనూ కుండ ఆడవాళ్ల పనే. ప్రపంచంలో చాలావరకు చేత్తో చేసేచోట ఆడవాళ్లు, సారె ఉన్నచోట మగవాళ్లు కనిపిస్తారు. అంటే మైల మాట మట్టికి పుట్టింది కాదు, పనిముట్టుకు పుట్టింది. నాగలి విషయంలోనూ మనం చూసింది ఇదే.

అయితే ఆడవాళ్లకు సారె నేర్పిస్తే సరిపోతుందా? మన మిత్రుల్లో కొందరు అలా అంటున్నారు. నేర్చుకుంటామన్నవాళ్లకు తప్పక నేర్పిద్దాం. కరెంటు సారెలు వచ్చాక బలం చాలదన్న సాకు కూడా పోయింది. కానీ సారె తిప్పితేనే కుమ్మరి అన్న కొలతను మనం కూడా ఒప్పుకుంటే మట్టి తొక్కే కాళ్లు ఎప్పటికీ లెక్కలోకి రావు. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో కుమ్మరుల కోసం పథకం మొదలుపెట్టి కరెంటు సారెలు ఇచ్చింది. మట్టి కలిపే యంత్రాలు కూడా ఉన్నాయి. నేను కూర్చున్న ఇంటికి సారె వచ్చింది, మట్టి యంత్రం రాలేదు. దాంతో ఏమైంది? సారె వేగం పెరిగింది. ఆయన చేతికి అలుపు తగ్గింది. రోజుకు కావలసిన ముద్దలు పెరిగాయి. తొక్కేది మాత్రం ఆ రెండు కాళ్లే. "కరెంటు ఆయనకొచ్చింది, అలుపు నాకొచ్చింది" అంది కోడలు. అభివృద్ధి పథకాలు కుటుంబాన్ని ఒకే మనిషిగా చూస్తే జరిగేది ఇదే.

ఇక ఎమ్మిగనూరు సంగతి. ఆదోనికి దగ్గరే. రెండూ 1953 దాకా బళ్లారి జిల్లాలోవే. ఎమ్మిగనూరు పేరు చెబితే నేత గుర్తొస్తుంది. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ నేత సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఊళ్లో నేత ఇళ్ల ఆడవాళ్లు కండెలు చుట్టడం అందరికీ తెలిసిన పని. చేనేత గణనలో దానికి 'అనుబంధ పని' అని ఒక గడి ఉంది. 2019-20 నాలుగో గణనలో దేశంలో 35 లక్షలకు పైగా చేనేత పనివాళ్లను లెక్కపెడితే అందులో 70 శాతానికి పైగా ఆడవాళ్లే తేలారు. వాళ్లలో ఎక్కువమంది ఈశాన్య రాష్ట్రాల వాళ్లన్న మాట నిజమే. 'అనుబంధ' అన్న మాటా నాకు నచ్చదు. కండె లేనిదే మగ్గం ఆడదు కదా, ఎవరికి ఎవరు అనుబంధం? అయినా ఆ గడి ఉంది. కుమ్మరి ఇంటి ఆడమనిషికి ఆ మాత్రం గడి కూడా లేదు.

అది లేకపోతే ఏం జరుగుతుందో చెబుతాను. ఎమ్మిగనూరులో నేను చూసిన ఇంట్లో భర్త 'పీఎం విశ్వకర్మ'లో పేరు రాయించుకున్నాడు. 2023 సెప్టెంబరులో మొదలైన పథకం. 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. కొద్దిరోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు. నిబంధన ప్రకారం కుటుంబంలో ఒక్కరికే. కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఆ ఒక్కరు మగవాడే కావాలని ఎక్కడా రాయలేదు. రాయవలసిన అవసరం లేదు. ఆ ఇంట్లో కుమ్మరి ఎవరని అడిగితే ఊరంతా ఎవర్ని చూపిస్తుందో మనకు తెలుసు.

ఆయన శిక్షణ తీసుకున్నాడు. కుండల మీద ఇల్లు జరగక, ఆ వైపు పల్లెలు సుగ్గికి పోయినట్టే తానూ బెంగుళూరుకు బిల్డింగు పనికి పోయాడు. సారె మూలన పడింది. పని మాత్రం ఆగలేదు. ఆమె, అత్త కలిసి అచ్చులతో ప్రమిదలు, చేత్తో మట్టి పొయ్యిలు చేస్తున్నారు. కార్తీకానికి ముందు మట్టికీ కంపకూ పెట్టుబడి కావాలి. ఆమె ఒక కార్యాలయానికి పోయి అప్పు అడిగింది. అక్కడున్నాయన "మీ ఇంట్లో ఒకరికి వచ్చింది గదమ్మా" అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన చెప్పింది సరే. ఆపైన ఇంకొక మాట అడిగాడు: "అయినా నువ్వు సారె తిప్పుతావా?" ఆమె లేదంది. "మరింకేం" అన్నాడు. ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుని ప్రమిదలు చేసింది.

1991 జనగణనలో, స్త్రీల సంఘాలు గట్టిగా అడిగిన తర్వాత, పని గురించిన ప్రశ్నలో 'పొలంలో గాని ఇంటి పరిశ్రమలో గాని జీతం లేకుండా చేసే పని కూడా' అన్న మాటలు చేర్చారు. చిన్న మాటలు, వాటి వెనక పెద్ద పోరాటం ఉంది. జాతీయ నమూనా సర్వేలోనూ జీతం లేని కుటుంబ సహాయకులకు 21, ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92 అని వేరు వేరు కోడ్‌లున్నాయి. కాగితం మీద దారి ఉంది. కానీ గడప దగ్గర నిలబడి అడిగేవాళ్లు నాలాంటివాళ్లే. "ఏం పని చేస్తావు" అంటే "ఏం లేదు" అంటుంది. 92 అని పడిపోతుంది.

2021లో జరగవలసిన జనగణన వాయిదాలు పడి 2027కు వచ్చింది. ఈసారి కులం కూడా రాస్తామని 2025లో కేంద్రం ప్రకటించింది. ఆదోని కోడలి పేరు పక్కన కులం గడిలో కుమ్మరి అని రాస్తారు. పని గడిలో ఏం రాస్తారు? మీరంతా ఊళ్లలో తిరిగేవాళ్లు, సంఘాలు నడిపేవాళ్లు. మిమ్మల్ని అడిగేది ఒకటే. కుమ్మరి ఇళ్ల ఆడవాళ్లతో ముందుగానే కూర్చోండి. "ఏం పని చేస్తావు" అని అడగకండి. "నిన్న లేచినప్పట్నుంచి ఏం చేశావో చెప్పు" అని అడగండి. నీళ్లు, మట్టి, ఇసుక, కంప, సలప, కావి, గోనెపట్టా వరసగా ఆమె చేతే చెప్పించండి. లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు ఆమె నోటి నుంచి అదే రావాలి. ఒక్కరికే అన్న నిబంధన మీద అర్జీలు పెట్టేటప్పుడు కూడా ఆ వివరాలే మనకు ఆధారం.

ఆదోని నుంచి వచ్చేసే ముందు నేను పాత కాగితం సంగతి చెప్పాను. ఇరవై ఏళ్ల కిందట నేను ప్రశ్న అడిగింది ఆ అవ్వనే. ఆమెకు నేను గుర్తు లేను. గృహిణి అని రాశానని చెబితే, "అంటే ఏంది?" అంది. ఇంట్లో ఉండేదని అన్నాను. "ఉండేది నిజమే గదా" అని కాసేపు ఊరుకుంది. నేను చెప్పు తొడుక్కుంటుంటే కోడలు వెనక నుంచి పిలిచింది. "మేడం, ఇప్పుడేం రాసుకున్యావు?" అంది. పుస్తకం తెరిచి, ఆమె చెప్పిన మాటలే ఆమెకు చదివి వినిపించాను. ఇసుక పాలు దగ్గర నేను తప్పు రాశానట. దిద్దించింది.