పెట్టె పాట వెనకే నడవాలి

వాకాడు పక్క మన యానాది కాలనీల పిల్లలు హార్మోనియం నేర్పమంటున్నారు. సంతోషం. మేమూ కూలి పనులయ్యాక సాయంత్రాల్లో నేర్చుకున్నవాళ్లమే.

తెల్లవాళ్ల కాన్సర్టీనాకు ఈ పెట్టె చుట్టం. రెండింట్లోనూ తిత్తి గాలికే రీడు పలుకుతుంది. తిత్తిని విసురుగా కొట్టకండి, ఆగకుండా నెమ్మదిగా ఆడించండి. నెలరోజులు ఒక్క ‘స’ పట్టుకున్నా చాలు.

అయితే మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే గొంతును పెట్టె అందుకోలేదు. ఆ లోపమే చూపి 1940లో ఆలిండియా రేడియో దీన్ని నిషేధించింది. మన అవ్వల పాటంతా ఆ జారుడులోనే ఉంది. మెట్ల కోసం దాన్ని సాపు చేయకండి. అవ్వ ఎత్తుకున్న శృతికి మీరే మెట్టు వెతుక్కోండి. ఆమె జారేచోట శృతి మాత్రం నిలిపి, మిగతా వేళ్లు ఎత్తేయండి.

ఈ ఆదివారం అవ్వల్ని కూర్చోబెట్టండి. పెట్టె మేం తెస్తాం.