ఇటుక మీద ఇటుక

(మలేషియా తెలుగు కుటుంబాల సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూచిపూడి గురించో, పోతన గురించో మాట్లాడవలసిన వేదిక మీద లెగో ఇటుకల ముచ్చట ఏమిటని కొందరికి తోచవచ్చు. మాలో పదిపన్నెండు మందిమి, అందరం నలభై దాటినవాళ్ళం, కొన్నేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు ఈ ప్లాస్టిక్ ఇటుకలతోనే గడుపుతున్నాం. అందులో మాకు దొరికిన దానిని మీతో పంచుకొందామని వచ్చాం.

ముందుగా ఈ ఇటుక పుట్టుక చెప్పుకొందాం. డెన్మార్కులో బిల్లుండ్ అనే పల్లెలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ఆర్థికమాంద్యం రోజుల్లో పనులు కరువై, 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అని అర్థం వచ్చే రెండు డేనిష్ మాటలను కుదించి 'లెగో' అని పేరు పెట్టుకొన్నాడు. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చాడు. ఆ ఊహ పూర్తిగా ఆయనది కాదు. ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన అంతకు ముందే చేసిన ఇటుకలు దానికి మూలం.

ఆ తొలి ఇటుకలు లోపల డొల్ల. ఒకదానిపై ఒకటి నిలిచేవి గాని గట్టిగా పట్టుకొనేవి కావు. తరువాత ఓలె కిర్క్ కుమారుడు గోట్‌ఫ్రెడ్ హయాంలో ఇటుక అడుగున గొట్టాలు పెట్టారు. కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గొట్టాలకూ గోడలకూ నడుమ బిగిసి కూర్చుంటాయి. పట్టి లాగితే ఊడుతాయి, లేకుంటే కదలవు. దీనికి 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఆ సంవత్సరమే తండ్రి కన్నుమూశాడు.

ఇందులో విశేషమేమంటే, ఆ కొలత ఈనాటికీ మారలేదు. 1958 నాటి ఇటుక నిన్న కొన్న ఇటుకతో చక్కగా అతుకుతుంది. 1969లో పసివాళ్ళ కోసం పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెండింతలుగా డ్యూప్లో ఇటుకలు వచ్చాయి. వాటి మీద కూడా చిన్న ఇటుక కూర్చుంటుంది. తండ్రి ముక్క, బిడ్డ ముక్క కలిసిపోయే ఆటవస్తువులు లోకంలో ఎక్కువ లేవు.

ఇంకొక లెక్క వినండి. ఒకే రంగు గల ఎనిమిది బొడిపెల ఇటుకలు రెండు ఉంటే 24 విధాలుగా కలపవచ్చును. మూడుంటే 1,060 విధాలు. ఆరుంటే? 91,51,03,765 విధాలు! కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయపు గణితాచార్యుడు సోరెన్ ఐలర్స్ కంప్యూటరు సాయంతో తేల్చిన సంఖ్య ఇది. గుప్పెడు ఇటుకలు చేతిలో ఉంటే ఒక జన్మకు సరిపడే ఆట ఉన్నట్టే.

మరి అంతటి ఆటను మనం ఎందుకు విడిచాం? పన్నెండు పదమూడేళ్ళు రాగానే "ఇంకా బొమ్మలేమిటిరా, పుస్తకం తియ్యి" అంటారు. పెట్టె అటకెక్కుతుంది, లేదా చుట్టాల పిల్లలకు పోతుంది. తరువాత పరీక్షలు, ఉద్యోగం, పెళ్ళి, ఇంటి అప్పు. మళ్ళీ ఏ ముప్పై ఏళ్ళకో చెయ్యి ఇటుక మీద పడుతుంది. ఈ మధ్య కాలానికి ఆ ఆట ప్రియులు ఒక పేరు పెట్టుకొన్నారు: 'చీకటి యుగం'. నవ్వులాటకు పెట్టిన పేరే గాని, అందులో కొంత నిజముంది.

మాలో అందరి చిన్నతనం ఒకటి కాదు. పట్నంలో ఉద్యోగం దొరికిన తండ్రులు కొందరికి పుట్టినరోజుకు ఒక చిన్న డబ్బా కొనిచ్చారు. మిగిలిన వాళ్ళం అంగడి అద్దంలోంచి చూసి ఇంటికి నడిచాం. ఈనాడు సొంత జీతంతో డబ్బా కొని, దాని మూత విప్పుతూ కళ్ళు తుడుచుకొన్నవారు మాలో ఉన్నారు. వారిని చూసి ఎవరం నవ్వలేదు.

2012లో జొహోరులో లెగోలాండు తెరిచారు. ఆసియాలో అదే మొదటిది. పిల్లల కోసమని వెళ్ళాం. ఇటుకలతో కట్టిన చిన్న నగరాల దగ్గర పిల్లలు విసిగి "పోదాం రండి" అంటుంటే, కదలక నిలబడింది మేమే! కంపెనీకి కూడా ఈ సంగతి అర్థమయింది. 2003 ప్రాంతంలో అది పెద్ద నష్టాల్లో పడి, తిరిగి కోలుకొనే రోజుల్లో పెద్దవాళ్ళ అభిమానాన్ని గుర్తించింది. 2008లో 5,922 ముక్కల తాజ్‌మహల్ వచ్చింది. 2020 నుండి కొన్ని పెట్టెల మీద 18 ఏళ్ళు దాటినవారికి అని అచ్చు వేస్తున్నారు.

పెద్దలు ఆడుకోవడం మన తెలుగువారికి కొత్తా? సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చేది ఎవరు? మన అమ్మమ్మలు, నాయనమ్మలు. మెట్లు కట్టి, బొమ్మలు నిలిపి, ముందు ఊరు, చెరువు, తోట అమర్చి, పేరంటాండ్రను పిలిచేవారు. పాదం మీద తడి ఇసుక కప్పి, తట్టి, మెల్లగా పాదం తీసి పిచ్చుక గూడు కట్టిన వాళ్ళం కాదా మనం? కట్టాలనే కోరిక డెన్మార్కులో పుట్టలేదు. అది పసితనంలోనే ఉంది.

అయితే ఒక హెచ్చరిక. ఈ ఆట ఖరీదైనది. కొందరు మూత విప్పని పెట్టెలను ధర పెరుగుతుందని దాస్తారు. కొందరు కట్టి, అద్దాల బీరువాలో పెట్టి, పిల్లలను ముట్టుకోనివ్వరు. ముట్టుకోరాని ఆటవస్తువు వల్ల ఏం లాభం? మేము కొత్తవి తక్కువ కొంటాం. ఇళ్ళలో మిగిలిన పాత ముక్కలన్నీ కడిగి, ఆరబెట్టి, ఒకే బల్ల మీద కుమ్మరిస్తాం. నోట పెట్టుకొనే పసివాళ్ళకు మాత్రం చిన్న ముక్కలు అందనివ్వం.

ఒకసారి, పెట్టెలో వచ్చిన కాగితం చూసి కట్టడం మాని, దిగువ పేరాక్ తోటల్లో మన పెద్దలు బతికిన వరుస ఇళ్ళు కడదామనుకొన్నాం. ఆ ఇళ్ళు మాలో ఎవరికీ సరిగా గుర్తు లేవు. ఎనభై దాటిన తాతగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మొదట ఆయన "నాకేం తెలుసు" అన్నారు. మేము గోడ లేపగానే ఊరుకోలేక "తలుపు అటు కాదు, ఇటు" అన్నారు. అక్కణ్ణుంచి ఆగలేదు. కుళాయి ఎక్కడో, భజన మందిరం ఎక్కడో, రబ్బరు ఆరబెట్టే పొగ కొట్టం ఎంత దూరమో, ఎవరింటి ముందు మునగచెట్టు ఉండేదో అన్నీ చెప్పారు. ఆయన నోట గడప, దూలం, వాసం, చూరు, అరుగు అనే మాటలు వరుసగా వచ్చాయి. మా పిల్లలకు ఇల్లు అనే మాట తెలుసు గాని, ఇంటిలోని ఈ మాటలు తెలియవు. "చూరు ఇంకా ముందుకు రావాలి" అని తాతగారు అంటే, చూరు ఏదో తెలియక చేతిలో ఇటుకతో తొమ్మిదేళ్ళ మనుమరాలు నిలబడింది. ఆయన వేలితో చూపారు. ఆ మాట ఆ పిల్ల ఇక మరువదు.

ఆ తోటల్లో చాలా వాటి రూపు మారిపోయింది. వరుస ఇళ్ళు కూలిపోయాయి. వాటిని చూసిన కళ్ళు మన మధ్య ఎంతకాలం ఉంటాయో ఎవరం చెప్పలేం. వ్యాసం రాయమంటే మన పిల్లలు జంకుతారు. తెలుగులో మాట్లాడమంటే సిగ్గుపడతారు. ఇటుక అందుకోమంటే మాత్రం చెయ్యి చాస్తారు. అందించేటప్పుడు ఒక తెలుగు మాట కూడా అందిద్దాం.

అందుచేత ఈ సభకు మా మనవి ఒకటే. వచ్చే ఉత్సవంలో నాట్యానికి, పాటకు చోటిచ్చినట్టే ఒక పొడుగాటి బల్లకు కూడా చోటివ్వండి. మీ అటకల మీది పాత డబ్బాలు దింపి తీసుకురండి. ఒక పక్క తాతలు, అమ్మమ్మలు, మరొక పక్క మనుమలు కూర్చోవాలి. ఏం కట్టాలో పెద్దలు చెప్పాలి, ఎలా కట్టాలో పిల్లలు చూపాలి. నడుమ మేము ముక్కలు ఏరిపెడతాం.