గాలి వీస్తే చెరువు మాయం! ఇబ్రహీంపట్నం చెరువు, ఒక శాటిలైట్ ఫొటో కథ

ఈ వారం ఒక తమ్ముడు నాకో స్క్రీన్‌షాట్ పంపాడు. మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు రాడార్ ఫొటో, వానాకాలంలో తీసింది. విజయవాడ పక్కన ఉన్న ఇబ్రహీంపట్నం కాదండీ, సాగర్ రోడ్డు మీదున్న మనది, కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. ఫొటోలో సగం చెరువే నల్లగా ఉంది, మిగతాదంతా బూడిద రంగు. "అన్నా, ఇక్కడిదాకా నీళ్లే రావంట, ఇదిగో శాటిలైట్ ప్రూఫ్ అని ప్లాటు అమ్మేటాయన చూపించిండు. అడ్వాన్స్ ఇయ్యాల్నా?"

ఆగు తమ్ముడూ. ముందు ఆ రోజు గాలి ఎంత ఉందో చూద్దాం.

గాలికీ ప్లాటుకీ ఏం సంబంధం అంటారా? ఆ ఫొటో సెంటినెల్-1 ది. యూరప్ వాళ్లు 2014లో మొదలుపెట్టిన శాటిలైట్ల సిరీస్. ఇది కెమెరా కాదు. తనే రేడియో తరంగాలు ఏటవాలుగా కిందికి పంపి, తిరిగొచ్చింది ఎంతో కొలుస్తుంది. మబ్బున్నా, చీకటైనా పని చేస్తుంది. అందుకే వానాకాలం చెరువుల లెక్కకి ఇదే దిక్కు.

కదలని నీళ్లు అద్దం లెక్క. చీకట్లో అద్దం మీద పక్క నుంచి టార్చ్ వేయండి. వెలుగు అవతలి గోడ మీద పడుతుంది, మీ కంటికి రాదు. చెరువు కూడా సిగ్నల్‌ని అలాగే అవతలికి తోసేస్తుంది. శాటిలైట్‌కి ఏమీ తిరిగి రాదు, ఫొటోలో నలుపు. నేల, చెట్లు, ఇళ్లు కొంత వెనక్కి కొడతాయి కాబట్టి అవి వెలుగుతాయి.

ఇప్పుడు గాలి వచ్చింది. పెద్ద అలలు అక్కర్లేదు. సెంటినెల్ తరంగం పొడవు సుమారు 5.5 సెంటీమీటర్లు. నీళ్ల మీద దాదాపు ఆ సైజు ముడతలు లేస్తే చాలు, ఒక్కో ముడత నుంచి వచ్చే సిగ్నల్ పక్కదానితో కలిసి బలపడుతుంది. దీన్ని బ్రాగ్ స్కాటరింగ్ అంటారు. (బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టి వదిలేశామే, ఆ బ్రాగే.) సెకనుకు మూడు మీటర్ల గాలి, అంటే మొహానికి తగిలి తెలిసేంత గాలికే ఇది మొదలవుతుంది. "ఇంతకన్నా నల్లగా ఉంటేనే నీళ్లు" అని గీత గీసుకున్న ప్రోగ్రామ్ ఆ నీళ్లని నేల ఖాతాలో వేసేస్తుంది.

మరి సగమే ఎందుకు? గాలి ఎటు నుంచి వస్తే అటు ఒడ్డున చెట్లో, గట్టో అడ్డం ఉంటే ఆ చాటున నీళ్లు కదలవు, నలుపే. చాటు దాటాక ముడతలు. చిరాకేంటంటే, మబ్బు పట్టి మామూలు ఫొటోలు పనికిరాని నెలల్లోనే మనకి నైరుతి గాలి జోరు.

అదే దారిలో 12 రోజుల ముందు తీసిన ఫొటో, తర్వాత తీసిన ఫొటో ఫ్రీగా దొరుకుతాయి. తీసి పక్కపక్కన పెట్టాం. రెండింట్లోనూ ఆ "నేల" నల్లగా ఉంది. వీవీ, వీహెచ్ అని రెండు చానళ్లుంటాయి, వీహెచ్ గాలికి అంతగా మోసపోదు, అదీ చూశాం. ఒకే ఒక్క గాలిరోజు ఫొటో తెచ్చి చూపించారన్నమాట. తెలిసి చేశారో, తెలియక చేశారో నేను చెప్పలేను.

ఇంకో మాట. ఫొటోలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నది ఆ రోజు సంగతి. చెరువు నిండితే ఎక్కడిదాకా వస్తాయన్నది ఎఫ్‌టీఎల్. ప్లాటుకి కావాల్సింది రెండోది. తమ్ముడు అడ్వాన్స్ ఆపేసి, సర్వే నంబర్ పట్టుకుని ఆ మ్యాప్ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. వచ్చాక పార్ట్ టూ చేద్దాం.