బండి మీది, ఆర్సీలో పేరెవరిది?



'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం కింద 15 వేలు రావాలంటే బండి సొంతదై ఉండాలి. సొంతమంటే ఆర్సీలో మీ పేరుండాలి. "డబ్బులిచ్చాను, స్టాంపు కాగితం రాయించుకున్నాను" అంటే చాలదు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరునుంటే వాళ్లే యజమాని. ఇన్సూరెన్స్ లేని బండికి ప్రమాదం జరిగితే పరిహారం అమ్మినాయన మెడకే చుట్టుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది. కాబట్టి పేరు మార్పు ఇద్దరికీ అవసరమే.

అమ్మినవాళ్లు ఫారం 29, ఇద్దరూ కలిసి ఫారం 30 సంతకం చేయండి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. ఫైనాన్స్ బాకీ ఉంటే వాళ్ల ఒప్పుదల తీసుకోండి. నాన్నగారి పేరున్న బండి, ఆయన కాలం చేశారా? వారసులకు ఫారం 31 ఉంది.

ఈరోజే ఆర్సీ తీసి పేరు చూసుకోండి.