ఎముక తరిగిన దవడ, దంతములను నిలుపు మార్గములు



ఉదయమునుండి పెద్దలు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు ప్రసంగించిరి. వారి పిమ్మట మేము లేచి నోటిలోని పండ్లను గూర్చి మాటాడుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. మన భాషయందు చెట్టుననున్నవియు పండ్లే, నోటనున్నవియు పండ్లే. మొదటివానికి మన నూజివీటిసీమ పేరెన్నిక గన్నది. రెండవవి లేకపోవుటచేత, తోటలో బంగినపల్లి విరుగగాచినను ముక్క కొఱుకలేక, చిన్నరసములను పిసికి పీల్చుకొని తృప్తిపడు వృద్ధులు ఈ పందిటిలోనే ఎందఱో కలరు. వారిలో మేమును ఒకరమై యుంటిమి. కావుననే ఈ సాహసము చేయుచున్నాము.

మేము పదునేడు సంవత్సరములు కట్టుడుపండ్లు ధరించితిమి. క్రింది వరుస నానాటికి వదులై, మాటాడునప్పుడు పైకి లేచుచు, నమలునప్పుడు చిగురును ఒరయుచు నుండెను. మఱల మఱల క్రొత్తవి చేయించినను నిలువలేదు. ఇంప్లాంటులను గూర్చి విని ఒకచోట విచారింపగా, "మీ దవడయందు ఎముక లేదు, మీకు దారి లేదు" అని పంపివేసిరి. వేఱొకచోట స్కానైనను తీయక, మూడు దినములలో నోటినిండ కదలని పండ్లు అమర్తుమని చెప్పి బయానా అడిగిరి. తోటను రెండు కాపులకు ముందుగనే గుత్తకిచ్చి ఆ సొమ్ము చెల్లింప మేము సిద్ధపడితిమి. మా కోడలు అడ్డుపడి, ఎముక ఎంతయున్నదో కొలిచి చెప్పువారిని ముందు చూతము రమ్మనెను. ఆ అమ్మాయి మాటయే మమ్ము కాపాడినది. ఎముక తరిగినంతమాత్రమున దారులన్నియు మూసికొనవు. ఏ దారి తగునో ఎముకను కొలువక ఎవ్వరును చెప్పజాలరు. నేడు మేము విన్నవింపదలచినది ఈ ఒక్క సంగతియే.

ఎముక ఏల తరుగును? పంటివేరును పట్టుకొనియున్న ఎముక ఆ పంటి కొఱకే నిలిచియుండును. పన్ను పోయిన పిదప పని లేని గట్టువలె క్రమముగ కరగిపోవును. పన్ను తీసిన చోట మొదటి సంవత్సరముననే గట్టు వెడల్పు సుమారు సగము తగ్గునని పరిశోధకులు కనుగొనిరి. కట్టుడుపండ్లు ఈ తరుగుదలను ఆపజాలవు. చిరకాలము వానిని ధరించినవారిని పరీక్షించి టాల్గ్రెన్ అను శాస్త్రజ్ఞురాలు 1972లో ప్రకటించిన వ్యాసమువలన, క్రింది దవడ గట్టు పైదానికంటె సుమారు నాలుగు రెట్లు అధికముగ తరుగునని తెలియుచున్నది. మా క్రింది వరుస ఏల నిలువలేదో అప్పుడు మాకు బోధపడెను. చిగుళ్లవ్యాధి ముదిరినచో, పన్ను ఊడకముందే దాని చుట్టునున్న ఎముక క్షీణించును. చుట్టయు, పొగాకును, అదుపులేని మధుమేహమును ఆ వ్యాధికి ఊతమిచ్చును.

ఇంప్లాంటనగా దవడయెముకలో నాటు టైటానియపు మఱ. స్వీడనుదేశపు ఆచార్యుడు బ్రోనెమార్క్, ఎముక టైటానియమును త్రోసివేయక దానితో గట్టిగ కలిసిపోవునని గ్రహించి, 1965లో మొదటిసారిగ ఒక మనుష్యుని దవడయందు దానిని నాటెను. ఆ రోగి 2006లో మరణించువఱకు, నలువది యేండ్లకు పైగా, అవి పనిచేసెను. ఎముక సమృద్ధిగ నున్నవారికి ఈ పని సులభము. తరిగినవారికి గల మార్గములను ఒక్కొక్కటిగ మనవి చేయుదుము.

మొదటి మార్గము మిక్కిలి నిరాడంబరమైనది. క్రింది దవడ ఎంత తరిగినను గడ్డమువద్ద సాధారణముగ కొంత ఎముక మిగిలియుండును. అచ్చట రెండు ఇంప్లాంటులను నాటి, వానిపై కట్టుడుపండ్లను బొత్తామువలె తగిలింతురు. రాత్రి తీసి శుభ్రపఱచుకొనవచ్చును. పండ్లన్నియు పోయిన క్రింది దవడకు మొదట ఆలోచింపదగిన చికిత్స ఇదియేయని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు అభిప్రాయపడిరి. మాకు చేసినదియు ఇదియే.

రెండవది నాలుగు ఇంప్లాంటుల పద్ధతి. ముందు రెండింటిని నిలువుగను, వెనుక రెండింటిని ఏటవాలుగను నాటి, ఎముక లేని చోటులను తప్పించి, వానిపై పండ్లవరుస నంతయు కదలకుండ బిగింతురు. లిస్బను నగరపు వైద్యుడు పాలో మాలో 2003లో దీని ఫలితములను ప్రకటించెను.

మూడవది ఎముక నంటుకట్టుట. అంటును గూర్చి నూజివీటివారికి మేము చెప్పనక్కఱలేదు. గడ్డమునుండియో, దవడ వెనుక భాగమునుండియో, ఎక్కువ కావలసినచో తుంటినుండియో ఎముకను తీసి తరిగినచోట నిలుపుదురు; సిద్ధపఱచిన ఎముకపొడిని వాడుటయు కలదు. పైదవడ వెనుక భాగమున సైనసను గాలిగది కలదు. దాని పొరను పైకెత్తి ఆ సందులో ఎముకను నింపుటయు ఇట్టిదే. అంటు పట్టువఱకు తోటమాలి ఓపిక పట్టునట్లు ఇచ్చటను నెలలకొలది వేచియుండవలయును. తొందరపడువారికి ఇది తగదు.

నాలుగవది చెంపయెముకను ఆశ్రయించు జైగోమా ఇంప్లాంటు. సాధారణ ఇంప్లాంటు సుమారు 8 మొదలు 15 మిల్లీమీటర్ల పొడవుండగా, ఇది 30 మొదలు 50 మిల్లీమీటర్లకు పైగా నుండును. పైదవడ దాదాపు మిగులని వారికి ఇది ఉద్దేశింపబడినది. కన్నునకు చేరువగ సాగు శస్త్రచికిత్స యగుటచేత అనుభవముగల శస్త్రవైద్యుడే చేయవలయును. సైనసు వాపు కలుగు ప్రమాదమును కలదు.

ఈ నాలుగవ మార్గము విలువ 2021 తరువాత మన ప్రాంతమున అనేకులకు తెలియవచ్చెను. ఆ సంవత్సరము కరోనా వెనువెంట నల్లబూజు వ్యాధి వ్యాపించి, మధుమేహులను విశేషముగ బాధించి, పలువురి పైదవడలను హరించెను. ప్రాణము నిలుపుటకై వైద్యులు దవడనే తొలగింపవలసివచ్చెను. ఆంధ్రప్రభుత్వము ఆ మే నెలలో ఈ వ్యాధి చికిత్సను ఆరోగ్యశ్రీయందు చేర్చెను. ప్రాణము దక్కినవారికి అన్నము నోటినుండి ముక్కులోనికి పోవుట, మాట ముక్కుతో వచ్చుట అను బాధలు మిగిలెను. అట్టివారు అంగిలి రంధ్రమును మూయు పలకను ధరింపవచ్చును. వ్యాధి పూర్తిగ నశించినదని నిర్ధారణయైన పిదప, తగినవారికి చెంపయెముకల ఆధారముతో పండ్లు నిలుపుటయు సాధ్యమే. అట్టివారు మన బంధువర్గమున ఇంట దాగి భుజించుచున్నచో, వారిని వైద్యునికడకు తోడ్కొనిపోవుట మన ధర్మము.

దవడ అడుగున గల గట్టి ఎముకలో బిగించి కొలది దినములలోనే పండ్లు అమర్చు బేసల్ ఇంప్లాంటులును కలవు. వానిని మేము నిందింపము. కాని పై పద్ధతులకున్నంత దీర్ఘకాలపు నిదర్శనము వానికి లేదని తెలిసికొని నిర్ణయింపవలయును.

కావున బయానా ఇచ్చుటకు పూర్వము అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. సి.బి.సి.టి. స్కాను తీసితిరా? ఎముక ఎత్తెంత, వెడల్పెంత? ఇంతకంటె తక్కువ వ్యయముగల మార్గమేమి? ఇది విఫలమైనచో తరువాత ఏమి చేయుదురు? ప్రతి సంవత్సరము పరీక్ష ఎవరు చేయుదురు? ఎముకల బలమునకై జోలెడ్రానిక్ ఆమ్లము వంటి మందులు తీసికొన్నవారును, దవడకు కిరణచికిత్స పొందినవారును ఆ సంగతి తప్పక చెప్పవలయును. దాచినచో దవడయెముకయే కుళ్లు ప్రమాదము కలదు. చక్కెర అదుపులోనికి రాకయు, చుట్ట మానకయు ఇంప్లాంటు వేయించుకొనుట చవిటినేల మొక్క నాటుటయే.

మనకు దూరపు నగరములకు పోవలసిన పని లేదు. చిన్న అవుటపల్లియందును, ఏలూరు చెంత దుగ్గిరాలయందును దంతవైద్యకళాశాలలు కలవు. విజయవాడలో ప్రభుత్వ కళాశాలయు కలదు. రెండవ అభిప్రాయమునకు ఇట్టిచోట్లకు పోవుట మేలు.

యువకులారా! మీకొక మాట. ఎముకను తెచ్చి నింపుటకంటె ఉన్నదానిని నిలుపుకొనుట సులభము. చిగుళ్లనుండి నెత్తురు వచ్చిననాడే వైద్యుని చూడుడు. పన్ను తీయించుకొనవలసినచో ఆ చోటును ఏమి చేయుదురని అప్పుడే అడుగుడు.

తుదకు ఈ మహాసభకు ఒక చిన్న ప్రతిపాదన. మన సంఘపు ప్రతి గ్రామశాఖయందును చదువుకొన్న యువకుడో యువతియో ఒకరు, దంతచికిత్సకు పోవు వృద్ధుల వెంట పోయి, పై ప్రశ్నలను అడిగి, ఉత్తరములను కాగితముపై వ్రాసి తేవలయును. దీనికి నిధి అక్కఱలేదు. ఒక పూట తీరిక చాలును. మాకు మా కోడలు చేసిన ఉపకారమిదియే.

మా ఇంప్లాంటులకు నాలుగు కాపులు గడచినవి. కలెక్టరుకాయను పంటితో చీల్చజాలము; అట్టి ఆశయు లేదు. కాని ఆవకాయముక్కను నమలుచున్నాము, మీ యెదుట నిలిచి జంకక మాటాడుచున్నాము. మా తోటయు మా చేతనే యున్నది.