చదవడం వచ్చాక ఏం చేయాలి?

చదవడం నేర్పడంలో గుణింతం ముందా, పదం ముందా అనే తగవు మన సభల్లో తరతరాలుగా నడుస్తూనే ఉంది. ఉభయపక్షాల వాదనలూ మీకు తెలిసినవే కాబట్టి నేను వాటి జోలికి పోను. ఏ దారిన వచ్చినా సరే, అక్షరాలు వచ్చిన పిల్లవాడు వాటితో ఏ పని చక్కబెట్టుకోగలుగుతున్నాడన్నదే నా ప్రశ్న. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేలోగా చదవడం రావాలంది. బాగానే ఉంది. ఆ పై మెట్టు సంగతి ఎవరికి పట్టింది? గ్రామీణ పిల్లల చదువులపై జరిగే అసర్ సర్వేలో 2023లో 14-18 ఏళ్ల వారికి, విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీది సూచనలిచ్చి నాలుగు ప్రశ్నలు అడిగారు. కనీసం ఒకటో తరగతి పాఠం చదవగలిగిన వారిలోనే, మూడింటికైనా సరైన జవాబిచ్చిన వారు దాదాపు మూడింట రెండు వంతుల మంది. మిగిలిన వారు తడబడింది అక్షరాలు రాక కాదు, వచ్చిన అక్షరాలు అక్కరకు రాక.

దీనికి మూలం మన తరగతి గదిలోనే ఉంది. మనం వేసే ప్రశ్నలోని మాటలు పాఠంలో యథాతథంగా ఉంటాయి. పిల్లవాడు ఆ వాక్యాన్ని వెతికి ఎత్తి రాస్తే మార్కులు పడతాయి. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్ చేతికిచ్చి, 'ఇంట్లో గ్లాసుడు నీళ్లే ఉంటే పొడి అంతా పోసేయవచ్చా? నిన్న పొద్దున కలిపిన నీళ్లు ఈ సాయంత్రం తాగించవచ్చా?' అని అడగండి. ఆ జవాబులు ప్యాకెట్ మీద వాక్యాలుగా దొరకవు. పొడికీ నీళ్లకూ ఉన్న లెక్క తెలియాలి, ఇరవై నాలుగు గంటల గడువును గడియారంతో సరిచూసుకోవాలి. నీళ్లు తగ్గితే ఉప్పు మోతాదు మించి బిడ్డకు ముప్పు. 'లోపు', 'మించి', 'తప్ప' వంటి చిన్న మాటల దగ్గర ఆగి ఆలోచించడం నేర్పకుండా ఎంత ధారాళంగా చదివించినా ప్రయోజనం లేదు.

రాయించడంలోనూ అంతే. సెలవు చీటీ నమూనా కంఠస్థం చేయించి, దానికి లేఖారచన అని పేరు పెట్టుకున్నాం. దానికి బదులు, బడి నుంచి బస్టాండుకు దారి ఒకరు రాయాలి. ఆ ఊరికి కొత్తవాడిలా మరొకరు నోరు మెదపకుండా ఆ కాగితం పట్టుకుని నడవాలి. ఎక్కడ తికమకపడితే అక్కడి వాక్యాన్ని రాసినవాడే దిద్దుకోవాలి. ఎర్ర సిరా కంటే ఈ పరీక్ష నికార్సయినది.

ఇలాంటి చదువుతో సాహిత్యం అడుగంటిపోతుందని కొందరు మిత్రుల బెంగ. పద్యానికి తాత్పర్యం బట్టీ పట్టించే చోట సాహిత్యం మాత్రం ఎక్కడ బతికి ఉంది? సూచనను నిలిచి చదవగలిగిన వాడికే పద్యంలోని అన్వయమూ చిక్కుతుంది. ఇది, చెప్పిందల్లా చేసే బుద్ధిమంతులను తయారుచేసే చదువన్నది మరో ఆక్షేపణ. దానికి నెల్లూరు జిల్లాయే జవాబు. అక్కడి సాక్షరతా వాచకంలో సారా మీద పాఠం చదివిన దూబగుంట మహిళలు 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. చదివినదాన్ని బతుకుకు అన్వయించుకోవడమే అక్కడ జరిగింది. ఇక సిలబస్ పూర్తికావద్దా అనే ఉపాధ్యాయుల మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే నేనడిగేది కొత్త పాఠం కాదు, ఉన్న పీరియడ్లలోనే వారానికి ఒకటి ఇలాంటి పనులకు.

వాడుక భాష కోసం పోరాడిన పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తికి ఏటా ఆయన జయంతి అయిన ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన వారసులమని చెప్పుకునేవాళ్లం, కరెంటు బిల్లు, రేషన్ కార్డు దరఖాస్తు, మందు సీసా మీది సూచనల తెలుగును ఒక్కసారైనా పరిశోధనాంశంగా చూశామా? ప్రబంధ వర్ణనల మీద సిద్ధాంత గ్రంథాలకు మాత్రం కొదవ లేదు. పిల్లలు ఏ వాక్యం దగ్గర తడబడుతున్నారో నమోదు చేసే పని ఈ సభ చేపట్టాలి. పదో తరగతి తెలుగు పరీక్షలో పిల్లలు మునుపెన్నడూ చూడని ఒక ప్రకటన ఇచ్చి ప్రశ్నలు వేయాలని తీర్మానించాలి. పరీక్షలో అడిగిందే బడిలో చెబుతారు కాబట్టి, మార్పు అక్కడి నుంచే మొదలుకావాలి.